ధర్మం మారదంటారా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

మన ఇళ్ళలో తరచు వినిపించే మాట ఒకటుంది. “ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదమ్మా, అనాదిగా వస్తున్నది” అని. ఆ మాట వినగానే మనం నోరు మూసుకుంటాం. అనాది అన్నాక ఇంక అడగడానికి ఏముంటుంది? కాని ఎప్పుడైనా తీరిక చేసుకుని, ఆ అనాది అనేది ఏ సంవత్సరంలో మొదలయిందో చూడండి. భలే తమాషాగా ఉంటుంది.

మన గోదావరి జిల్లాల్లో పెళ్ళయితే చాలు, అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతం చేసుకోని ఇల్లు ఉంటుందా? కొత్త దంపతులు పీటల మీద కూర్చోవడం, ఆ విస్తరాకు పొట్లంలోని గోధుమనూక ప్రసాదం - ఇవన్నీ మన తాతముత్తాతల తాతముత్తాతల నుంచీ ఉన్నాయనే అనుకుంటాం. రత్నగిరి మీద స్వామివారి ఆలయం వెలసింది 1891లో. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొట్టమొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అంటే ఆ పెళ్ళి కన్నా ఆ గుడి పదేళ్ళు చిన్నదన్నమాట! స్వామివారి మహిమను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు సుమండీ. నేనూ కొండెక్కి వ్రతం చేసుకునేదాన్నే. ఒకటి ఏమో మనకి అనాది అయిపోయింది, దానికన్నా పదేళ్ళు పెద్దదయిన రెండోది మాత్రం “ఈ కాలపు పోకడ” గానే ఉండిపోయింది. అదెందుకో ఆలోచించమని చెబుతున్నాను.

మతం చెప్పే ధర్మం ఎప్పటికీ ఒక్కలాగే ఉంటుందా, కాలాన్నిబట్టి మారుతుందా అన్నది పెద్ద ప్రశ్న. పండితులు తేల్చవలసింది. నేను మెట్రిక్ దాకా చదివి, ఇల్లు చూసుకుంటూ, అప్పుడప్పుడు రేడియోలో నాలుగు మాటలు చెప్పేదాన్ని. అయినా ఈ ప్రశ్నమీద మన ఊళ్ళోనే, మన ఆడవాళ్ళ బతుకుల మీదే ఒక పెద్ద వాదం నడిచింది గనక, ఆ సంగతి చెప్పుకునే హక్కు మనకి లేకపోలేదు.

1879 ఆగస్టులో పంతులుగారు రాజమండ్రిలో వితంతు వివాహం మీద మొదటి ఉపన్యాసం ఇచ్చారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఒక్క ఏళ్ళు. అంతకు ఐదేళ్ళ ముందు, 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. అదే ఏడు ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. ఊళ్ళో పెద్దలకి ఆయనమీద అప్పటికే కోపం ఉంది. ఇప్పుడీ ఉపన్యాసంతో అది రాజుకుంది. మనమైతే ఏమనుకుంటాం? ఆయన లేచి “శాస్త్రాలు పక్కన పెట్టండి, ఈ పసిపిల్లల మొహాలు చూడండి” అని ఉంటారనుకుంటాం. అది కూడా అన్నారు. కాని ఆయన చేతిలో ఉన్న అసలు ఆయుధం శాస్త్రమే. పరాశరస్మృతి నాలుగో అధ్యాయం తీసి సభ ముందు పెట్టారు.

ఆ స్మృతిలో ఉన్నదేమిటంటే - భర్త ఏమైపోయాడో తెలియకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ ఐదు ఆపదల్లోనూ స్త్రీకి మరొక భర్త విధింపబడుతున్నాడు. ఇది పంతులుగారు కనిపెట్టింది కాదు. కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లోనే ఈ శ్లోకం మీద రెండు చిన్న పుస్తకాలు రాశారు. ఆ మరుసటి ఏడు, 1856 జూలైలో, వితంతు వివాహం చెల్లుతుందని చట్టం వచ్చింది. అనుకూలంగా పెట్టిన అర్జీల మీద కన్నా వ్యతిరేకంగా పెట్టిన అర్జీల మీద సంతకాలు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా చట్టం వచ్చింది. వచ్చి పాతికేళ్ళయినా మన గోదావరి గట్టున దాన్ని వాడుకున్నవాళ్ళు లేరు. చట్టం మద్రాసులో, కలకత్తాలో ఉంటుంది. పెళ్ళి చేయవలసింది మాత్రం మన వీధిలో కదండీ.

పరాశరుడి మాటకే అంత బలం ఎందుకూ అంటే, ఆ స్మృతి మొదట్లోనే ఉంది జవాబు. కృతయుగానికి మనువు చెప్పిన ధర్మాలు, త్రేతాయుగానికి గౌతముడివి, ద్వాపరానికి శంఖలిఖితులవి, కలియుగానికి పరాశరుడివీ అని. మనం ఉన్నది కలియుగంలోనే గదా, మనకి చెప్పిన స్మృతిలోనే ఉంది గదా, ఇంకా అభ్యంతరమేమిటి అని విద్యాసాగరులూ అడిగారు, పంతులుగారూ అడిగారు. 

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. ధర్మం యుగానికొక రకంగా ఉంటుందని చెప్పినది ఎవరో తెల్లవాళ్ళు కాదు, సంస్కర్తలూ కాదు. మన స్మృతికారులే. మనువు కూడా మొదటి అధ్యాయంలోనే ఆ మాట చెప్పాడు. అంటే మారడమనేది పుస్తకానికి బయటినుంచి వచ్చిన ప్రమాదం కాదు, పుస్తకంలోనే రాసి ఉన్న సంగతి. భారతం ఆదిపర్వంలో పాండురాజు కుంతీదేవితో చెప్పే కథ తెలుసు గదా. పూర్వం స్త్రీలకి ఈ కట్టుబాట్లు లేవనీ, శ్వేతకేతువు అనే ఋషికుమారుడు తల్లి విషయంలో కోపం వచ్చి ఈ మర్యాద ఏర్పరిచాడనీ. ఆ భారతాన్ని నన్నయభట్టుగారు తెలుగు చేయడం మొదలుపెట్టిన ఊరు ఏది? రాజరాజనరేంద్రుడి రాజమహేంద్రవరం. అదే ఊళ్ళో, ఎనిమిది వందల ఏళ్ళు దాటాక, ధర్మం ఎన్నడూ మారలేదని పండితులు సభ తీర్చారు!

వాళ్ళ వాదం కూడా న్యాయంగా చెప్పుకోవాలి. వాళ్ళేమీ చదువురాని వాళ్ళు కారు. కొక్కొండ వేంకటరత్నం పంతులుగారి వంటి మహాపండితులు అటువైపు నిలబడ్డారు. వాళ్ళు చూపించిన ఆధారం విజయనగర కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యులవారు పరాశరస్మృతికి రాసిన వ్యాఖ్యానం. అందులో ఆయన, పునర్వివాహం మాట వేరే యుగానికి సంబంధించినది, కలికి కాదు అన్నారు. కలికోసం చెప్పిన స్మృతిలో కలికి వర్తించని మాట ఎందుకు వచ్చిందీ అంటే, పురాణాల్లో ‘కలివర్జ్యాలు’ అని ఒక జాబితా ఉంది, పూర్వం చెల్లినవి కలిలో వదిలేయవలసినవి, అందులో ఇదీ ఉందీ అన్నారు. స్మృతికీ పురాణానికీ విరోధం వస్తే స్మృతిదే పైచేయి గదా అని ఇటువాళ్ళు. ఇలా సాగింది.

మాధవాచార్యులవారి సంగతి వచ్చింది గనక ఇంకొకటి చెప్పాలి. ఇది తెలిసినప్పుడు నాకు పొయ్యిమీద పాలు పొంగిపోయినా తెలియలేదు. అదే వ్యాఖ్యానంలో ఆయన మేనమామ కూతుర్ని చేసుకోవచ్చునని గట్టిగా సమర్థించారు. మేనరికం! మనువు మేనత్త కూతురూ మేనమామ కూతురూ కూడదని స్పష్టంగా చెప్పాడు. బౌధాయనుడు మాత్రం, దక్షిణాదివాళ్ళకి ఐదు ప్రత్యేకమైన అలవాట్లు ఉన్నాయని రాశాడు. ఉపనయనం కానివాళ్ళతో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్ది తినడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం, మేనత్త కూతుర్ని చేసుకోవడం. ఇవి దక్షిణాదిలో చేస్తే తప్పులేదు, ఉత్తరాదిలో చేస్తే తప్పు అన్నాడు. గౌతముడు అది సరికాదన్నాడని కూడా ఆయనే రాశాడు. చూశారా! మన పిల్లలకి పొద్దున్నే పెరుగూ ఆవకాయా వేసి పెట్టే చద్దన్నం కూడా ఒకనాడు ఋషులు వాదించుకున్న విషయమేనన్నమాట.

అంచేత, మేనరికం దగ్గరికి వచ్చేసరికి స్మృతిలోని నిషేధాన్ని దేశాచారంతో దాటారు. వితంతువు దగ్గరికి వచ్చేసరికి స్మృతిలోని అనుమతిని కలివర్జ్యంతో మూశారు. పుస్తకం ఒకటే, వ్యాఖ్యాత ఒకరే. మేనరికంలో పొలం ఇంట్లోంచి బయటికి పోదు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పొలం సంగతి ఏమవుతుందోనని భయం. ఇది నా ఊహ మాత్రమే. ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? అయితే 1856 చట్టం రాసినవాళ్ళు కూడా, మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందని రెండో సెక్షన్‌లోనే రాసి పెట్టుకున్నారు. అంచేత ఆ భయం నేను కల్పించింది కాదు.

పరాశరస్మృతిలోనే ఉన్న మరో సంగతి వినండి. కలిలో బ్రాహ్మణుడు సేద్యం చేసుకోవచ్చునని పరాశరుడు అనుమతి ఇచ్చాడు. ఇస్తూ, నాగలికి ఎనిమిది ఎద్దులు కడితే ధర్మం, ఆరు కడితే మధ్యమం, నాలుగు కట్టేవాళ్ళు క్రూరులు, రెండే కట్టేవాళ్ళు ఎద్దుల్ని చంపేవాళ్ళతో సమానం అన్నాడు. మరి మన డెల్టాలో, కాటన్‌గారి ఆనకట్ట నీళ్ళు వచ్చాక, మాగాణి దున్నింది ఎన్ని ఎద్దులతో? ఒక్క జత. ట్రాక్టర్లు వచ్చేదాకా ప్రతి రైతూ జత ఎద్దులతోనే దున్నాడు. నాగలికి ఎనిమిది ఎద్దులు కట్టలేదని ఏ అగ్రహారంలోనైనా ఏ మిరాశీదారునైనా వెలివేశారా? ఏ పీఠం నుంచైనా శ్రీముఖం వచ్చిందా? రెండో అధ్యాయంలోని ఎద్దుల శ్లోకం అలా ఎవరికీ తెలియకుండా జారిపోయింది. నాలుగో అధ్యాయంలోని శ్లోకం కోసం మాత్రం ఒక ఊరు ఊరంతా రెండు వర్గాలయింది.

కలివర్జ్యాల జాబితాకీ అదే గతి. మహామహోపాధ్యాయ పి.వి. కాణే గారు తమ ధర్మశాస్త్ర చరిత్రలో ఇవన్నీ ఒకచోట చేర్చారు. యాభై పైచిలుకు ఉన్నాయి. పెద్దకొడుక్కి ఎక్కువ వాటా ఇవ్వడం, పితృకార్యాల్లో మాంసం, మరిదివల్ల సంతానం పొందడం, సముద్రయానం చేసి వచ్చిన ద్విజుణ్ణి కులంలో కలుపుకోవడం - ఇవన్నీ అందులో ఉన్నాయి. ఒకప్పుడు చెల్లేవి, తర్వాత కూడదన్నారు. ప్రాచ్యదేశాల్లో ఏదీ మారదని చెప్పేవాళ్ళకి ఈ జాబితా ఒక్కటి చాలు జవాబు అని కాణే గారి అభిప్రాయం.

సముద్రయానం మాట తీసుకోండి. మన కోరంగి రేవునుంచీ కాకినాడనుంచీ బర్మాకి ఎంతమంది వెళ్ళలేదు! బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరు పడిపోయింది. బారిస్టరు చదువుకి ఇంగ్లండు వెళ్ళొచ్చిన బ్రాహ్మణ యువకులు మొదట్లో ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. కొన్నాళ్ళకి అదీ లేదు. ఇప్పుడు మన పిల్లలు అమెరికాకి వెళ్తుంటే పురోహితుణ్ణి పిలిచి మంచి ముహూర్తం పెట్టించి, ఎదురు వచ్చి మరీ పంపిస్తున్నాం. ఇక అందరికన్నా తమాషా అయినది, ప్రసిద్ధమైన ఒక కలివర్జ్య శ్లోకంలో ఐదింటిని నిషేధిస్తే, అందులో సన్యాసం కూడా ఒకటి! దానికి మినహాయింపు చెప్పే మాట ఇంకొకటి వెదికి చూపించారనుకోండి. సన్యాసానికి మినహాయింపు దొరికింది. ఎనిమిదేళ్ళకి పెళ్ళయి తొమ్మిదేళ్ళకి విధవ అయిన పిల్లకి మాత్రం దొరకలేదు.

ఆ తొమ్మిదేళ్ళ పిల్ల ఎవరో ఊరికే అన్నమాట కాదు. మా నాయనమ్మకి ఒక మేనత్త ఉండేదట. మా నాయనమ్మే చెప్పేది. ఆవిడకి పెళ్ళి జ్ఞాపకమే లేదు. పల్లకీలో పెట్టిన తియ్యటి ఖర్జూరపళ్ళు జ్ఞాపకం ఉన్నాయనేది. పెద్దమనిషి అయ్యాక తల తీయించారు. ముతక చీర, ఒంటిపూట భోజనం. ఇంటిల్లిపాదికీ మడి వంట ఆవిడే. పచ్చళ్ళు పెట్టడంలో ఆవిడ చెయ్యి పడితే ఏడాదంతా చెడేవి కావట. శుభకార్యాలకి అరిసెలు వండేది కూడా ఆవిడే, కాని ముహూర్తానికి వంటింటి తలుపు వేసుకుని కూర్చునేది. డెబ్భై ఏళ్ళు దాటి బతికింది. చివరి రోజుల్లో మా నాయనమ్మని ఒక ప్రశ్న అడిగిందట - “ఏమే, నాకీ శిక్ష ఏ పుస్తకంలో వేశారే?” అని. మా నాయనమ్మకి చదువు లేదు, ఏం చెబుతుంది? ఆ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది.

నాకు తెలిసినంతలో చెబుతున్నాను. మనుస్మృతిలో వితంతువు ఫలమూలాలు తిని శరీరాన్ని కృశింపజేసుకుని బతకమని ఉంది. మరో పురుషుడి పేరెత్తవద్దని ఉంది. తల తీయించమని లేదు. ఆ శిరోముండనం మాట తర్వాత్తర్వాత, కాశీఖండం వంటి పురాణభాగాల్లో కనిపిస్తుంది. బాల్యవివాహం మాట చూస్తే, పరాశరస్మృతిలో ఎనిమిదేళ్ళ పిల్ల గౌరి, తొమ్మిదేళ్ళది రోహిణి, పదేళ్ళది కన్య అనీ, ఆ తర్వాత ఇంట్లో ఉంచుకుంటే దోషమనీ ఉంది. మనువు మాత్రం, ఈడేరిన పిల్ల మూడేళ్ళు చూసి తనకి తగిన వరుణ్ణి తానే చూసుకోవచ్చునన్నాడు. అంటే చిన్నప్పుడే పెళ్ళి చేయమన్న మాట పరాశరుడి దగ్గర తీసుకున్నారు, భర్త పోతే మళ్ళీ చేయమన్న మాట పరాశరుడి దగ్గరే వదిలేశారు. పాపం ఆవిడకి రెండు మాటల్లో ఒకటే దొరికింది.

ఇంకొక సంగతి. మనం ‘మన మతం వితంతు వివాహాన్ని ఒప్పుకోదు’ అంటున్నప్పుడు మనం అంటే ఎవరు? మన పల్లెల్లో ఎన్నో కులాల్లో మారుమనువు అనాదిగా ఉంది. (ఇదిగో, అనాది మాట నేనూ వాడాను!) భర్త పోతే, కులపెద్దల ముందు ఒక చీర పెట్టి మారుమనువు చేసుకునేవారు. వాళ్ళూ అదే రామాలయానికి వెళ్ళేవారు, అదే గోదావరిలో కార్తీక స్నానం చేసేవారు, అదే అమ్మవారికి జాతర చేసేవారు. ఒక వీధిలో అధర్మమైనది పక్క వీధిలో ధర్మమే. పైగా, నాలుగు డబ్బులు కూడి పరువు పెరిగిన కుటుంబాల్లో మొట్టమొదట మానేసింది ఈ మారుమనువునే. పై కులాల వాళ్ళలా ఉండాలని. అక్కడ ధర్మం వెనక్కి మారింది. మారడం అంటే ఎప్పుడూ మంచివైపే అని నేనేమీ అనను.

సరే, రాజమండ్రికి వద్దాం. 1881 డిసెంబరు 11 రాత్రి గోగులపాటి శ్రీరాములుగారికీ, కృష్ణా జిల్లా నుంచి తీసుకువచ్చిన బాలవితంతువు గౌరమ్మగారికీ పోలీసు బందోబస్తు మధ్య పెళ్ళి జరిగింది. మంత్రాలు, తలంబ్రాలు, అగ్నిహోత్రం, అన్నీ మామూలు పెళ్ళికి లాగే. నాలుగు రోజులకి రెండో పెళ్ళి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు పదివేల రూపాయలు ఇచ్చి ఉండకపోతే ఇవి సాగేవి కావు. ఆ రోజుల్లో పదివేలంటే మాటలా? పెళ్ళికి వెళ్ళినవాళ్ళనీ, వాళ్ళతో భోజనం చేసినవాళ్ళనీ వెలివేస్తూ శంకరాచార్య పీఠం నుంచి ఆజ్ఞలు వచ్చాయి. ముందు చప్పట్లు కొట్టిన చాలామంది ప్రాయశ్చిత్తాలు చేసుకుని పక్కకి తప్పుకున్నారు.

పంతులుగారి ఇంట్లో వంటవాళ్ళు మానేశారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే బిందె పట్టుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుని, పెళ్ళికి వచ్చిన అందరికీ వండి పెట్టారు. శాస్త్రచర్చలన్నీ మగవాళ్ళు చేశారు, పుస్తకాల్లో అవే ఎక్కాయి. గోదావరి గట్టు మెట్లు దిగి ఎక్కడం ఎంత కష్టమో మీకు తెలుసు. తమ ఇంటికి చేరిన ఒక్కొక్క పిల్లనీ దగ్గర పెట్టుకుని, తల దువ్వి, ధైర్యం చెప్పి పెళ్ళికూతుర్ని చేసింది ఆవిడే. పరాశరుడి శ్లోకం పంతులుగారికి తెలిసినట్టు ఆవిడకి తెలియకపోయి ఉండవచ్చు. 1910లో ఆవిడ పోయారు. 1919లో పంతులుగారు పోయేనాటికి వారి చేతుల మీదుగా దాదాపు నలభై పెళ్ళిళ్ళు జరిగాయి. నలభై సంవత్సరాలకి నలభై పెళ్ళిళ్ళు. లెక్క చూస్తే తక్కువే. ఆ నలభై ఇళ్ళకి మాత్రం తక్కువ కాదు.

పంతులుగారు తర్వాత్తర్వాత బ్రహ్మసమాజ మార్గం పట్టారు. శ్లోకాలకన్నా మనస్సాక్షి గొప్పదని చెప్పసాగారు. మరి అలాంటప్పుడు మొదట పరాశరుణ్ణి పట్టుకోవడం ఎందుకని కొందరు తప్పు పడతారు. నాకైతే అందులో తప్పు కనిపించదు. తాళం వేసిన తలుపుకి ఆ ఇంటి తాళంచెవి దొరికితే, గోడ పగలగొట్టడం దేనికి?

చట్టం వచ్చినా మనవాళ్ళు దారి వెదుక్కున్న వైనం ఒకటి చెప్పకపోతే కథ పూర్తి కాదు. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలని. 1930 ఏప్రిల్ నుంచి అమలు. అప్పుడు మన కోనసీమ పెద్దలు ఏం చేశారు? ఎదుర్లంక దగ్గర గౌతమి దాటితే యానాం. అది ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషువాళ్ళ చట్టం అక్కడ చెల్లదు. పిల్లల్ని పడవెక్కించి యానాం తీసుకువెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చేవారు. ఊరికి ‘కల్యాణపురం’ అనే పేరే వచ్చింది. శాస్త్రం చెప్పిందని పడవెక్కారు గాని, రుగ్వేదంలోని పెళ్ళి సూక్తంలో పెళ్ళికూతుర్ని అత్తవారింటికి రాణివి కమ్మని దీవిస్తారు. ఎనిమిదేళ్ళ పిల్ల అత్తమీదా మామమీదా ఏం రాణిరికం చేస్తుంది చెప్పండి!

ఇదంతా ఒక్క హిందువులకే పరిమితమనుకోకండి. 1836 నుంచీ నరసాపురం ప్రాంతంలో క్రైస్తవ మిషను ఉంది, మన డెల్టాలో చర్చిలేని ఊరు అరుదు. స్త్రీ సభలో మౌనంగా ఉండాలని వాళ్ళ గ్రంథంలో ఉందని చెప్పి శతాబ్దాలు ఆడవాళ్ళని గురుత్వానికి దూరంగా ఉంచారు. 2013లో మన నంద్యాలలోనే దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్‌గా పుష్పలలితగారు అభిషేకం పొందారు. గ్రంథం అదే. రోములో 1179లో జరిగిన మహాసభ వడ్డీవ్యాపారులకి క్రైస్తవ ఖననం కూడా లేదని శాసించింది. 1942కి వాటికన్‌లోనే బ్యాంకు వచ్చింది. మూడుసార్లు తలాక్ మీద 2017లో సుప్రీంకోర్టులో వాదం జరిగినప్పుడు కూడా, అది ఖురానులో ఉన్నదా, తర్వాత వచ్చిన అలవాటా అన్న ప్రశ్నే ముందుకొచ్చింది. రాజమండ్రి సభలోని ప్రశ్నే అది, భాష వేరు.

“అవన్నీ పైపై ఆచారాలమ్మా, సత్యం, దయ, అహింస - ఈ మూలసూత్రాలు మారవు గదా” అని ఒక పెద్దాయన నాతో అన్నారు. నిజమే, ఆ మాటలు మారలేదు. కాని దయ అంటే ఏమిటన్నది మారింది కదండీ. మా నాయనమ్మ మేనత్తకి తల తీయించిన వాళ్ళు కసాయివాళ్ళు కారు. పరలోకంలో ఆమెకి మేలు జరుగుతుందని నమ్మి, ఏడుస్తూనే తీయించారు. వాళ్ళ లెక్కలో అదే దయ.

ఆ 1856 చట్టాన్ని 1983లో రద్దు చేశారు. 1955 హిందూ వివాహచట్టం వచ్చాక దాని అవసరం తీరిపోయింది. ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానమైన వాటా మన ఆంధ్రప్రదేశ్ 1985లోనే ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కాగితాల మీద వితంతువుకి అడ్డం వచ్చే వాక్యం లేదిప్పుడు. 2022 మేలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే గ్రామపంచాయతీ, భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం వంటివి తమ ఊళ్ళో ఇక జరగకూడదని తీర్మానం చేసింది. అప్పటిదాకా జరుగుతున్నాయనే గదా దాని అర్థం. మన వైపూ జరుగుతూనే ఉన్నాయి. పదోరోజున పుట్టింటివారి చీర, గాజులూ పూలూ నిండా పెట్టి, అందరూ చూస్తుండగా తీసేయడం. ఎన్నిసార్లు చూశామో!

ఆ మధ్య మా వీధిలో ఒకాయన పోయారు. పదోరోజున బంధువులంతా చేరారు. వాళ్ళ పెద్దమ్మాయి, బ్యాంకులో పనిచేస్తుంది, పురోహితుణ్ణి అడిగింది. “బాబయ్యగారూ, అమ్మ గాజులు పగలగొట్టమని ఏ సూత్రంలో ఉందండీ?” అని. ఆయన వయసులో పెద్దవారు, నిజాయితీపరులు. కాసేపు ఆలోచించి, “సూత్రంలో లేదమ్మా. మన వైపు ఆచారం” అన్నారు. “అయితే వద్దండి” అంది ఆ పిల్ల. వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరో ఏదో గొణిగారు. పురోహితుడుగారు ఇక ఆ ఊసెత్తకుండా పిండాలకి అన్నం అయిందేమో చూసి రమ్మని అబ్బాయిని లోపలికి పంపారు. గాజులు ఆవిడ చేతికి అలాగే ఉన్నాయి.